ఆరు సెకన్ల చప్పుడు

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
ఆగస్టు 4

ఒరేయ్ డబ్బా,

శుక్రవారం టీవీలో, నువ్వు చప్పుళ్ళు కూర్చే ఆ విశ్వం సీరియల్ చూశాను. రెండు రోజులు కోపం ఆపుకున్నాను. ఇవాళ ఇంక ఆగలేక కాగితం తీశాను. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా మీదా దరువు వేసి నా చదువు చెడగొట్టావు. ఇప్పుడు ఊరందరి చదువూ చెడగొట్టడానికి జీతం తీసుకుంటున్నావు.

కృష్ణబిలం అంటే విశ్వాన్ని ఊడ్చేసే రాక్షస చీపురని ఎవరు రాశార్రా? మన సూర్యుణ్ణి తీసేసి అంతే బరువున్న కృష్ణబిలాన్ని అక్కడ పెట్టినా, భూమి ఇప్పుడు తిరుగుతున్నట్టే తిరుగుతుంది. చలికి చస్తాం గానీ మనల్ని ఎవరూ ఊడ్చుకుపోరు. మీవాళ్ళు ఒక్క నిమిషంలో ఆ మాట అనేసి వెళ్ళిపోయారు, దాన్ని పిల్లల బుర్రల్లోంచి ఊడవడానికి నాకు వారం పడుతుంది. ఇక నీ సంగతి. శూన్యంలో గాలి లేదు. గాలి లేనిచోట చప్పుడు కదలదు. ఇది ఎనిమిదో తరగతి పాఠం, నీకు చెప్పింది నేనే. మరి ఆ బిలం నక్షత్రాన్ని మింగుతుంటే గర్జన ఎక్కణ్ణుంచి వచ్చింది? మాటలన్నీ కింద అక్షరాల్లో వేస్తున్నారు చూడు, అదొక్కటే మీరు చేసిన మంచి పని.

నా కడుపుమంట వేరే ఉంది. ముప్ఫయ్యేళ్ళుగా ఫిజిక్స్ చెప్తున్నాను. ఇదివరకు గంట కొట్టినా పిల్లలు నన్ను వదిలేవాళ్ళు కాదు, ప్రశ్నలతో స్టాఫ్ రూము దాకా వెంటపడేవాళ్ళు. ఇప్పుడు బొమ్మల్లా కూర్చుంటున్నారు. వాళ్ళలో వాళ్ళు పెదవులు కదుపుతారు గానీ నాదాకా ఒక్క ప్రశ్న రాదు. అన్నీ టీవీవాళ్ళే నమిలి నోట్లో పెడుతుంటే ఇంక అడిగేదేముంది? వచ్చే టర్ము నుంచి క్లాసులు వదిలేసి పరీక్షల విభాగం చూసుకోమని హెడ్‌మిస్ట్రెస్ గారు అంటున్నారు. కాగితాల కట్టలు, లక్క సీళ్ళు, బీరువా తాళాలు. డిసెంబరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారు. అడిగేవాళ్ళు లేని క్లాసులో నేనుండి ఏం లాభం అనిపిస్తోంది.

మీ బావ కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ కులాసాగా ఉన్నాడు. ఈమధ్య మాట బాగా తగ్గించాడు. వయసు వచ్చింది కదా. ఫోను చెయ్యకు, అందులో గరగర తప్ప ఏమీ రావడం లేదు. ఉత్తరం రాయి.

అక్క


స్టూడియో, మూడో అంతస్తు
ఆగస్టు 13

టీచరక్కకి,

తిట్లు అందాయి. మా ఆవిడకి చదివి వినిపించాను. సగంలోనే నీ పక్షం చేరిపోయింది, కాబట్టి ఇంట్లో నాకు ఎవరూ లేరు.

నువ్వన్నది గర్జన కాదక్కా, మన పాత ఇనప పెట్టె. దాన్ని డాబా మీద ఆ చివర నుంచి ఈ చివరకి ఈడ్చి, రికార్డు చేసి, నాలుగింతలు నెమ్మది చేశాను. కింద వాటాలో ఆయన పరుగున పైకి వచ్చి "ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని ఎంతో ఆశగా అడిగాడు. తోకచుక్కకి కొత్త గుడ్డ చించాను. శనిగ్రహం వలయాలకి గాజుగ్లాసు అంచు మీద తడివేలు తిప్పాను. పాపం నా గ్రహాలన్నీ వంటింటి సామానే.

నువ్వు చెప్పింది నిజం కాదని అననుగానీ, నా కుర్చీలో కూర్చుని ఒకసారి చూడు. నీ క్లాసులో నలభైమంది ఉంటారు, గంట కొట్టేదాకా కదలరు. నా ముందున్నవాడి చేతిలో రిమోటు ఉంటుంది, పక్క ఛానెల్లో ఆట నడుస్తుంటుంది. ప్రకటనలు పోను మాకు మిగిలేది ఇరవై రెండు నిమిషాలు. అందులో విశ్వం పుట్టాలి, పెరగాలి, ముసలిదవ్వాలి. మనిషిని కుర్చీలోంచి లేవకుండా ఆపడం నా పని. ఆగినవాడికి పాఠం చెప్పడం నీ పని. మనిద్దరిదీ ఒకే దుకాణం, నేను గుమ్మంలో నిలబడి కేకలు వేసేవాణ్ణి.

పరీక్షల విభాగం మాట మాత్రం నాకు నచ్చలేదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు నన్ను మీ కాలేజీ ల్యాబుకి తీసుకెళ్ళావు, గుర్తుందా? పెద్ద గాజుకూజాలో అలారం గడియారం పెట్టి గాలి తోడేశావు. గంట మోత తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. లోపల సుత్తి మాత్రం కొడుతూనే ఉంది. నాకు భయం వేసి నీ చెయ్యి పట్టుకున్నాను. శబ్దాల పనిలోకి నేను వచ్చింది ఆ రోజే. అలాంటి మనిషి బీరువా తాళాలు చూసుకుంటానంటే నేనెలా ఊరుకుంటాను?

ఫోను బాగుచేయించు. నీ తిట్లు నీ గొంతులో వింటే ఇంకా బాగుంటాయి.

డబ్బా


స్కూలు, స్టాఫ్ రూము, నాలుగో పీరియడు ఖాళీ
ఆగస్టు 25

ఒరేయ్,

గాజుకూజా గుర్తుచేసి నన్ను మెత్తబరుద్దామనుకున్నావు. కాస్త మెత్తబడ్డాను కూడా. కానీ వాదన వాదనే.

తగ్గించి చెప్పడం తప్పని నేను ఏనాడూ అనలేదు. నేను చేసేదీ అదే. చిన్న క్లాసుకి పరమాణువంటే గుండ్రటి బంతి అని చెప్తాను. చెప్పి, "ఇది పూర్తి నిజం కాదు, పైక్లాసులో ఇది మారుతుంది, అప్పుడు వచ్చి నన్ను తిట్టండి" అంటాను. తగ్గించి చెప్పడం వేరు, మార్చి చెప్పడం వేరు. మీవాళ్ళు మార్చి చెప్పి, అదే ఆఖరి మాటన్నట్టు సంగీతం వేస్తారు. ఇంక అడగడానికి సందు ఎక్కడిది?

మొదటి భాగం చూడు. మహా విస్ఫోటం అన్నారు. తెర మీద నల్లగా చీకటి, సరిగ్గా మధ్యలో ఒక టపాకాయ, అన్ని వైపులకీ నిప్పురవ్వలు. విశ్వమంతా ఆ టపాకాయలోనే ఉంటే, చుట్టూ ఉన్న ఆ చీకటి ఎక్కడిదిరా? పేలుడంటే ఒకచోట పేలి ముక్కలు ఖాళీలోకి ఎగరడం. అక్కడ ఖాళీ అంటూ వేరే లేదు, చోటే సాగింది. అది అర్థం కావడం కష్టమే, నాకూ పదేళ్ళు పట్టింది. కష్టమని చెప్పండి. జనానికి ఆ మాత్రం మర్యాద ఇవ్వండి.

నీకొక పందెం. ఒక్కసారి, ఒక్కచోట, నీ డబ్బా మోత ఆపి చూడు. అంతరిక్షం ఎలా ఉంటుందో అలా ఉంచు. జనం లేచిపోతే నా పేరు మార్చుకుంటాను.

మీ బావ షాపు మా వరండాలోనే కదా, కుట్టుమిషన్లు కూడా ఈమధ్య చప్పుడు చెయ్యడం మానేశాయి. కొత్త నూనె ఏదో వాడుతున్నట్టున్నాడు. పనితనం పెరిగింది.

అక్క


స్టూడియో
సెప్టెంబరు 20

అక్కా,

ఇరవై ఆరో తేదీ, శుక్రవారం, ఏడు గంటలకి తప్పకుండా చూడు. ఆ రోజు నక్షత్రం చచ్చిపోతుంది. పెద్ద నక్షత్రం, ఉన్న ఇంధనమంతా తినేసి పేలిపోయేది.

మా ప్రొడ్యూసరమ్మకీ నాకూ మూడు రోజులుగా మాటల్లేవు. "ఇన్నేళ్ళ సర్వీసులో నీకు పిచ్చెక్కిందా?" అని అడిగింది. అవునన్నాను. చివరికి "పోతే నీ పేరే పోతుంది" అని సంతకం పెట్టింది. ఏం చేశానో చెప్పను. చూశాక నువ్వే రాయాలి.

నీ దగ్గర ఒక్క మెప్పుమాట కోసం తొమ్మిదో ఏటి నుంచి చూస్తున్నాను. ఈసారి వస్తుందని గట్టి నమ్మకం.

డబ్బా


ఇల్లు
అక్టోబరు 1

డబ్బా,

నీకు సిగ్గులేదు.

అంత ఊరించి నాకు చూపించింది ఇదా? ఆ మోత ఏమిటిరా! నక్షత్రం పేలగానే గుండె దడదడలాడింది. కిటికీ రెక్కలు అదిరాయి. మీ బావ ఎవరి మిషనో ఇవ్వడానికి వెళ్ళి బతికిపోయాడు. తెల్లటి వెలుగు తెరంతా నిండింది, ఎంత బాగుంది! అది చాలదా, దాని మీద నీ పెట్టెలన్నీ దొర్లించాలా? చెవినిల్లు కట్టుకుని చెప్పానే, ఒక్కనాడైనా నా మాట చెవికెక్కించుకున్నావా? దీనికోసం ప్రొడ్యూసరమ్మతో గొడవ కూడానా? ఇంకా పెద్ద మోత కావాలని అడిగి ఉంటావు.

సోమవారం క్లాసులో ఎవరెవరు చూశారని అడిగాను. సగంమంది చేతులెత్తారు. ఏమైనా అడగాలా అంటే మళ్ళీ అదే, పెదవులు కదిలాయి, అంతే. నాకు విసుగొచ్చింది. పరీక్షల విభాగానికి ఒప్పుకుంటున్నానని హెడ్‌మిస్ట్రెస్ గారికి కాగితం రాసి బ్యాగులో పెట్టుకున్నాను. నెలాఖరుకి ఇచ్చేస్తాను.

మెప్పు కావాలట, మెప్పు!

అక్క


స్టూడియో
అక్టోబరు 7

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించేశాను.

నక్షత్రం పేలిన చోట నేను ఏ శబ్దమూ వెయ్యలేదు. ఆరు సెకన్లు. వ్యాఖ్యానం లేదు, సంగీతం లేదు, నా పెట్టె లేదు. నువ్వు చెప్పినట్టే ఉంచాను. టీవీలో ఆరు సెకన్లు చప్పుడు ఆగితే ఏదో పాడైందని లెక్క. ప్రసారం గదిలో ఇంజనీరుకి ముందే చీటీ రాసిచ్చాను, అయినా మూడో సెకనుకి ఎర్రదీపం వెలగగానే మనిషి కంగారుపడి మీట మీదికి చెయ్యి చాపాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. మిగతా మూడు సెకన్లూ ఇద్దరం అలాగే నిలబడ్డాం.

కాబట్టి ఆ మోత నేను చెయ్యలేదు, నువ్వూ వినలేదు. డబ్బాగాడు వెయ్యకుండా ఉండడులే అనుకుని రాసేశావు. నాకు కోపం రాలేదు, భయం వేసింది. నీ పాత ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. ఫోనులో గరగర. మాట తగ్గించిన బావ. చప్పుడు మానేసిన కుట్టుమిషన్లు. కింద అక్షరాలు వేస్తున్నందుకు మెచ్చుకోలు. ఇవన్నీ విడివిడిగా చదివినప్పుడు నేను నవ్వుకున్నాను. నా పనే శబ్దం, నా అక్క సంగతి నాకు తెలియలేదు.

నీ పిల్లలు అడగడం మానేశారో లేదో నేను చెప్పలేను. బ్యాగులో కాగితం ఇచ్చే ముందు ఒక్క పని చెయ్యి. ప్రశ్నలు చీటీల మీద రాసిమ్మని వాళ్ళని అడుగు.

ఎప్పటి నుంచి అక్కా?

నీ తమ్ముడు


ఇల్లు
అక్టోబరు 26

ఒరేయ్,

నీ ఉత్తరం చదవగానే ఒళ్ళు మండింది. నాకు చెవుడా అని నాలుగు గిన్నెలు ఎత్తి పడేశాను. అవి పడ్డ మోత వినపడింది. మీ బావ పరుగెత్తుకొచ్చి ఏదో అన్నాడు, అది వినపడలేదు. అప్పుడు అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

రెండేళ్ళయింది. మొదట పిట్టల అరుపులు పోయాయి. తర్వాత ఆడపిల్లల గొంతులు. దగ్గరగా నిలబడి మాట్లాడితే పెదవులు చూసి అల్లుకుపోతాను. టీవీ పెడితే అంతా ఒకటే గుయ్‌మనే గోల, అందుకే సౌండు పూర్తిగా తీసేసి అక్షరాలు చదువుకుంటున్నాను. అది చెవుడని నాకు నేనే ఒప్పుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. క్లాసు పోతుందని భయం. ఆ భయంతోనే క్లాసు నేనే వదిలేసుకోబోయాను, నా తెలివి చూడు.

చీటీలు రాయించాను. "నన్ను ఎప్పుడైనా అడిగి, జవాబు రానివి రాయండి" అన్నాను. నలభైమంది పిల్లలు, అరవై మూడు చీటీలు. స్టాఫ్ రూములో తలుపు వేసుకుని చదివాను. ఒక చీటీలో "నేను అడిగితే మీరు నవ్వి తలూపారు టీచర్, అవునో కాదో తెలియలేదు" అని ఉంది. చివరి బెంచీ అమ్మాయి, మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, అది రాసింది: "శుక్రవారం నక్షత్రం పేలినప్పుడు టీవీలో శబ్దం ఎందుకు ఆగిపోయింది? మూడుసార్లు అడిగాను."

మూడుసార్లు అడిగిందిరా. నీ ఆరు సెకన్లు చూసి, నేను ముప్ఫయ్యేళ్ళుగా ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తున్న ప్రశ్న అడిగింది. నేను దాని ముందే నిలబడి, టీవీ పిల్లల్ని పాడుచేసిందని నీకు ఉత్తరం రాశాను. నువ్వు చూసిన గాజుకూజాలో పిల్లలు లేరు, నేనున్నాను. చీటీల మీద తలపెట్టి ఏడ్చాను. ఏడ్చాక చాలా తేలికగా ఉంది, అదీ చెప్తున్నాను.

మీ బావకి ఏడాదిగా తెలుసట. నాకెందుకు చెప్పలేదని నిలదీశాను. దగ్గరికొచ్చి, నా ముఖంలోకి చూసి, "చెప్తే వింటావా?" అన్నాడు. ఆ ఒక్క మాటా స్పష్టంగా వినపడింది.

బుధవారం చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. బ్యాగులో కాగితం చింపేశాను. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఉన్న సంగతి చెప్పాను. "చెవికి మిషను పెట్టుకుని చూడండి, డిసెంబరు దాకా టైముంది" అన్నారు. ఆవిడకీ తెలుసట! అందరికీ తెలుసన్న సంగతి ఊళ్ళో నాకొక్కదానికే తెలియనట్టుంది.

అక్క


స్టూడియో
నవంబరు 4

అక్కా,

నీ ఉత్తరం మా ఆవిడా నేనూ చెరొకసారి చదివాం. తను కళ్ళు తుడుచుకుంది. నేను బావ మాట దగ్గర ఎంత నవ్వానంటే, కింద వాటా ఆయన మళ్ళీ పైకి వచ్చాడు.

ఇక్కడి సంగతులు. ఆ శుక్రవారం తర్వాత స్టూడియోకి నలభై ఒక్క ఉత్తరాలు వచ్చాయి. ముప్ఫై అయిదుమంది తమ టీవీ పాడైందనుకున్నారు. ఒకాయన మెకానిక్కుని పిలిపించాడట, ఆ కోపం ఇంకా తగ్గలేదు. మిగతా ఆరుగురూ శబ్దం ఎందుకు లేదని అడిగారు. ప్రొడ్యూసరమ్మ ముప్ఫై అయిదూ నా మీదికి విసిరి, ఆ ఆరూ తన సొరుగులో దాచుకుంది. పేరు పోలేదు, మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

నీ వాదన కూడా వాళ్ళ చెవిన వేశాను. స్క్రిప్టు రాసే ఆయన చీపురు మాట తీసేస్తానన్నాడు. టపాకాయ మాత్రం తియ్యలేడట, బొమ్మ గీయించడం అయిపోయింది. దాని పక్కన "నిజానికి ఇది ఇలా కనబడేది కాదు" అని ఒక వాక్యం కలుపుతాడు. గెలుపు సగమే అనుకో. నేను ఒప్పుకోవలసింది కూడా ఒకటుంది. కుర్చీలో కూర్చోబెట్టడానికి మోతే కావాలని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మోత ఆపినా కూర్చునేవాళ్ళున్నారు, ఆరుగురైనా సరే.

ఆ భాగం ఇరవై ఒకటిన మళ్ళీ వేస్తున్నారు. ఈసారి సౌండు పెట్టుకుని చూడు.

డబ్బా


ఇల్లు, వంటగది బల్ల దగ్గర
నవంబరు 25

ఒరేయ్ డబ్బా,

మిషను వచ్చి పన్నెండు రోజులయింది. చిక్కుడుగింజంత ఉంది, రెండు చెవులకీ రెండు. మొదటి రోజు తీసి పారేద్దామనుకున్నాను. ఈ లోకం ఇంత గోలగా ఉందని ఎవరైనా ముందే చెప్పొద్దూ? కాగితం మడిస్తే చప్పుడు, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటే చప్పుడు. కుట్టుమిషన్లు రైలు ఇంజన్లలా మోగుతున్నాయి, నూనె మహిమేమీ లేదు. మీ బావ మాట తగ్గించలేదురా, పెంచాడు. పొద్దున లేచింది మొదలు ఆ స్క్రూ ఎక్కడ, ఈ సూది ఎక్కడ అని తనలో తను మాట్లాడుకుంటూనే ఉంటాడు. రెండేళ్ళు హాయిగా గడిపానని ఇప్పుడు తెలిసింది. తెలిసినా, రోజంతా ఆయన వెనకాలే తిరిగి ఆ గొణుగుడు వింటున్నాను.

శుక్రవారం ఇద్దరం కూర్చుని చూశాం. సౌండు పెట్టాం. నీ పెట్టె ఈడ్పు విన్నాను, గుడ్డ చింపడం విన్నాను, గ్లాసు అంచు విన్నాను. బాగున్నాయి. తప్పే, కానీ బాగున్నాయి. తర్వాత నక్షత్రం పేలింది.

ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా పడుతోంది. మీ బావ ఊపిరి బిగబట్టి వదిలాడు. ఇవన్నీ మా గదిలోవి, టీవీ నుంచి ఏమీ రాలేదు. రెండేళ్ళుగా నా చుట్టూ ఉన్నదాన్ని నిశ్శబ్దం అనుకున్నాను. కాదు. నిశ్శబ్దం వినడానికి కూడా చెవులుండాలి. నువ్వు చేసిన పనులన్నిట్లోకీ ఇదే మంచిదిరా. ఇదిగో నీ మెప్పు, కాగితం మీద రాసిచ్చాను, దాచుకో.

ఆరో సెకను అవగానే వయొలిన్ ఎందుకు వేశావు? శూన్యంలో వయొలిన్ పట్టుకుని కూర్చున్నది ఎవరు? దీని మీద వేరే ఉత్తరం రాస్తాను. ఫోను కూడా బాగైపోయింది, చెయ్యి. అయినా ఉత్తరాలు మానకు, నిన్ను కాగితం మీద తిట్టినంత తృప్తిగా ఫోనులో తిట్టలేను.

క్లాసులు నేనే చెప్తున్నాను. పరీక్షల విభాగానికి హెడ్‌మిస్ట్రెస్ గారు వేరే మనిషిని చూసుకున్నారు. అరవై మూడు చీటీలకీ రోజుకి నాలుగైదు చొప్పున జవాబులు చెప్తూ వస్తున్నాను. నిన్న చివరి బెంచీ వంతు వచ్చింది. చీటీ చదవలేదు, లేచి నోటితో అడగమన్నాను. ఎప్పటిలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తియ్యమనలేదు. "నక్షత్రం పేలినప్పుడు శబ్దం ఎందుకు రాలేదు టీచర్?" అంది. సన్నటి గొంతు, చిన్న జీర.

ప్రతి అక్షరమూ వినపడింది. అయినా ఇంకొక్కసారి అడగమన్నాను.

అక్క